పోయిన దెబ్బను అక్కడే విడిచిపెట్టండి



ఈ నెల మన శీర్షికలో గోల్ఫ్ ఆట గురించి ఆలోచిద్దాం. “మన ఊళ్లో కబడ్డీ, వాలీబాల్ ఉన్నాయి గాని గోల్ఫ్ ఎక్కడిది?” అని మీరు అడగవచ్చు. నిజమే. అయితే హైదరాబాదులో గోల్కొండ కోట దగ్గరా, విశాఖపట్నంలోనూ గోల్ఫ్ మైదానాలు ఉన్నాయి. చదువులకూ ఉద్యోగాలకూ అమెరికా వెళ్లిన మన పిల్లలు కొందరు అక్కడ ఈ ఆట నేర్చుకుంటున్నారు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఈ ఆట బాగా ఆడడానికి, ఆడి సంతోషించడానికి ఏమి కావాలో మన బ్రతుక్కీ అదే కావాలి.

ముందుగా ఆట సంగతి తెలియనివారికి నాలుగు మాటలు. గోల్ఫ్ మైదానంలో 18 గుంతలు ఉంటాయి. ఒక్కొక్క గుంత నోరు నాలుగుంబావు అంగుళాలు మాత్రమే. చిన్న తెల్లని బంతిని కర్రతో కొట్టుకుంటూ, ఎన్నో వందల గజాల దూరంలో ఉన్న ఆ గుంతలో వెయ్యాలి. ఎంత తక్కువ దెబ్బలతో వేస్తే అంత గొప్ప. ఆటగాడు తన సంచిలో 14 కర్రల వరకు పెట్టుకోవచ్చు. ఆట ముగియడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. అంతసేపూ బంతి వెనుక నడవాలి.

ఇక బాగా ఆడడం ఎలాగో చూద్దాం.

1. కర్రను బిగించి పట్టుకోకండి. కొత్తగా నేర్చుకునేవాడు బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని కొడతాడు. బంతి పక్కకు పోతుంది. కోతకు కొత్తగా వచ్చినవాడు కొడవలిని బిగించి పట్టుకుని మధ్యాహ్నానికే చేతులు బొబ్బలెక్కించుకుంటాడు. చెయ్యి తిరిగినవాడు తేలికగా పట్టుకుని సాయంత్రం దాకా కోస్తాడు. ఇక్కడా అంతే.

2. చిన్న దెబ్బలను సాధన చెయ్యండి. అందరికీ దూరంగా కొట్టాలనే ఆశ. కాని లెక్క చూడండి. సాధారణంగా 18 గుంతలకు కలిపి 72 దెబ్బలు సరియైన లెక్క అంటారు. అందులో ఒక్కొక్క గుంతకు రెండు చొప్పున 36 దెబ్బలు గుంత దగ్గర పచ్చికమీద బంతిని మెల్లగా దొర్లించడానికే కేటాయించారు. అంటే సగం! రెండు వందల గజాలు కొట్టిన దెబ్బా ఒకటే, రెండడుగులు దొర్లించిన దెబ్బా ఒకటే. చూసేవారు చప్పట్లు కొట్టని ఆ చిన్న దెబ్బల దగ్గరే ఆట నిలుస్తుంది, లేదా పోతుంది. కొంచెములో నమ్మకముగా ఉండడం గురించి ప్రభువు చెప్పిన సంగతి (లూకా 16:10) ఇక్కడ జ్ఞాపకం చేసుకోండి.

3. చెట్లలో పడితే ముందు బయటికి రండి. బంతి చెట్ల మధ్యకు పోయినప్పుడు, కొమ్మల సందులోనుండి ఒక్క దెబ్బతో గుంత దగ్గరికి కొట్టేద్దామని ఆశ పుడుతుంది. బంతి చెట్టుకు తగిలి ఇంకా లోపలికి పోతుంది. తెలివైనవాడు ఒక దెబ్బ నష్టపోయినా సరే, పక్కకు కొట్టి ముందు మైదానంలోకి వస్తాడు. అప్పుల్లో పడ్డవాడు ఒక్క పంటతో అంతా తీర్చేద్దామని ఇంకా పెద్ద అప్పు చెయ్యడం మనం చూస్తూనే ఉన్నాం గదా!

4. నిజమైన లెక్క వెయ్యండి. గోల్ఫ్‌లో ప్రతి దెబ్బకూ పక్కన అంపైరు నిలబడడు. తన తప్పు తానే చెప్పుకోవాలి. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ అనే గొప్ప ఆటగాడు కొట్టబోతుండగా గడ్డిలో బంతి కొద్దిగా కదిలింది. మరెవ్వరూ చూడలేదు. ఆయన మాత్రం తనమీద తానే ఒక దెబ్బ వేసుకున్నాడు. ఆ ఒక్క దెబ్బవల్ల మరొకరితో సమానమయ్యాడు. తిరిగి ఆడించిన పోటీలో ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. ఆ బహుమతి అందుకున్నవాని పేరు ఈనాడు చాలామందికి తెలియదు. జోన్స్ చేసిన పని మాత్రం నూరేళ్లు దాటినా చెప్పుకుంటున్నారు. ధాన్యం కాటా దగ్గర, కూలి లెక్క దగ్గర, పాల కొలత దగ్గర మనల్ని ఎవరూ చూడకపోవచ్చు. దేవుడు చూస్తున్నాడు (సామెతలు 11:1).

5. పోయిన దెబ్బను అక్కడే విడిచిపెట్టండి. ఇది అన్నిటికంటె కష్టం. పరుగెత్తే ఆటల్లో జరిగిన తప్పు గురించి ఆలోచించడానికి తీరిక ఉండదు. గోల్ఫ్‌లో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎన్నో నిమిషాలు ఒంటరిగా నడవాలి. ఆ నడకలో మనస్సు పోయినదాన్నే తవ్వుకుంటుంది. చేతిలో ఉన్న దెబ్బ కూడా పాడవుతుంది. ఆట తప్పినందువల్ల కాదు, తప్పినదాన్ని మొయ్యడంవల్ల ఆనందం పోతుంది.

ఈ సంగతిలో జర్మనీ దేశస్థుడు బెర్న్‌హార్డ్ లాంగర్ జీవితం మనకు మంచి మాదిరి. 1957లో ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి తాపీపని చేసేవాడు. ఈ పిల్లవాడు తొమ్మిదేళ్ల వయస్సులోనే ఇతరుల గోల్ఫ్ సంచులు మొయ్యడానికి వెళ్లి, చూసి చూసి ఆట నేర్చుకున్నాడు. పెద్దవాడయ్యాక ఆయనకు ఒక చిక్కు వచ్చింది. గుంత దగ్గర చిన్న దెబ్బ కొట్టబోయేసరికి చెయ్యి అదిరేది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వచ్చింది. ప్రతిసారీ కర్ర పట్టే పద్ధతి మార్చుకుని, ఓపికతో మొదటినుండి నేర్చుకున్నాడు.

1985 ఏప్రిల్‌లో అమెరికాలో పేరుపొందిన మాస్టర్స్ పోటీ గెలిచాడు. కోరుకున్నదంతా చేతికి వచ్చింది, లోపల మాత్రం వెలితి. ఆ వారమే తోటి ఆటగాడు ఒకాయన, ఆటగాళ్లు వారం మధ్యలో జరుపుకొనే బైబిలు పాఠానికి ఆయన్ని పిలిచాడు. తిరిగి జన్మించడం గురించి (యోహాను 3వ అధ్యాయం) అక్కడ విన్నాడు. క్రీస్తును తన రక్షకునిగా అంగీకరించాడు.

విశ్వాసి అయినందున ఇక ఓటమి రాలేదా? వచ్చింది. 1991లో అమెరికాకూ ఐరోపాకూ మధ్య జరిగే రైడర్ కప్ పోటీలో చివరి ఆట ఆయనదే. చివరి గుంత. ఆరడుగుల దూరం. బంతి గుంతలో పడితే కప్పు ఐరోపాకు దక్కుతుంది. వేలమంది చుట్టూ నిలబడి చూస్తున్నారు. బంతి గుంత పక్కనుండి పోయింది. ఒక్క పాయింటు తేడాతో ఐరోపా కప్పు పోగొట్టుకుంది. అటువంటి తప్పు తర్వాత మనిషి కోలుకోవడం కష్టమని చాలామంది అనుకున్నారు. మరుసటి ఆదివారమే ఆయన తన దేశంలో జరిగిన పోటీ గెలిచాడు! 1993లో పునరుత్థాన పండుగ రోజున, ఏప్రిల్ 11న, మాస్టర్స్ రెండవసారి గెలిచాడు. 2023లో 65 ఏళ్ల వయస్సులో అమెరికా సీనియర్ ఓపెన్ కూడా గెలిచాడు.

ఇందులో రహస్యం గెలుపు కాదని గమనించండి. గెలవని వారాలు కూడా ఆయనకు ఎన్నో ఉన్నాయి. తన విలువ ఆ ఆరడుగుల బంతిమీద ఆధారపడి లేదని ఆయనకు తెలుసు. అందుకే మళ్లీ మైదానంలోకి వెళ్లగలిగాడు. ఈ కాలపు మేటి ఆటగాడు స్కాటీ షెఫ్లర్ కూడా క్రైస్తవ విశ్వాసే. 2025లో ఓపెన్ పోటీకి ముందు, గెలుపు ఇచ్చే సంతోషం కొద్ది నిమిషాలే నిలుస్తుందనీ, హృదయపు లోతుల్లోని కోరికను అది తీర్చదనీ బహిరంగంగా చెప్పాడు. ఆ వారమే ఆ పోటీ గెలిచాడు.

తలిదండ్రులారా, ఈ మాట ముఖ్యంగా మీకు. పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున ఎన్ని ఇళ్లలో దీపం ఆరిపోతున్నదో మీకు తెలుసు. పరీక్ష తప్పిన పిల్లవాడికి అది ఆరడుగుల బంతి తప్పిన ఘడియ. ఆ రోజు పక్కింటి పిల్లల మార్కులు లెక్కపెట్టకండి. దగ్గర కూర్చోబెట్టుకుని అన్నం పెట్టండి. ఆ రాత్రి ఒంటరిగా విడువకండి. “నీవు మా బిడ్డవు, మార్కులు వచ్చినా రాకపోయినా మా బిడ్డవే” అని నోరు తెరిచి చెప్పండి. మనసులో ఉంటే చాలదు, బిడ్డ చెవిని పడాలి. పంట పోయిన భర్తతో భార్య, వ్యాపారం దెబ్బతిన్న తమ్మునితో అన్న ఇలాగే మాట్లాడాలి. వెనుక ఉన్నవి మరచి ముందుకు సాగిన పౌలు (ఫిలిప్పీ 3:13) తన పాత తప్పులను దాచలేదు, వాటికింద నలిగిపోనూ లేదు.

ఆట ఆనందంగా ఉండాలంటే మరి రెండు సంగతులు. ఎదుటివాడు బాగా కొడితే మనసారా మెచ్చుకోండి. గోల్ఫ్‌లో కర్ర తగిలి లేచిపోయిన పచ్చికను తిరిగి అక్కడే అమర్చి, ఇసుకలో తన అడుగులు చదును చేసి వెళ్లడం మర్యాద. వెనుక వచ్చేవారి కోసం దారి బాగుచెయ్యడం క్రైస్తవునికి తగిన పని.

రెండవది, ఆటను దాని చోట ఉంచండి. గోల్ఫ్‌కు పుట్టినిల్లుగా పేరుపొందిన స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ పాత మైదానంలో పెద్ద పోటీలున్నప్పుడు తప్ప ఆదివారం ఆట ఉండదు. ఆ రోజు ఊరివారు పిల్లాపాపలతో ఆ పచ్చికమీద నడుస్తారు. మన యువకులు కూడా ఆదివారం ఉదయం క్రికెట్ బ్యాటు పక్కన పెట్టి మందిరానికి రండి. శరీర సాధన కొంతమట్టుకు ప్రయోజనకరమే (1 తిమోతి 4:8). దానికంటె గొప్ప సాధన ఒకటి ఉంది.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఒకరినొకరు అడగండి: నేను ఇంకా మోస్తున్న పోయిన దెబ్బ ఏది? దానిని ప్రభువు పాదాల దగ్గర పెట్టండి. తెల్లవారగానే మీ ముందున్న పనికి లేచి వెళ్లండి.

ప్రభువు మీ ఇంటివారినందరినీ దీవించును గాక. ఆమేన్.