సిలిండరు మెడ మీది తేదీ చూపించండి

ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

రుషికొండకు వచ్చే కుర్రకారు ఇప్పుడు స్పీడ్ బోటు ఎక్కి దిగిపోవడంతో సరిపెట్టుకోవడం లేదు, స్కూబా చేస్తామంటున్నారు. మంచిదే. కాకపోతే మొదటిసారి నీళ్లలోకి దిగేవాడికి ఏ సామాను ఇచ్చినా ఒకటే. ఫారం మీద సంతకం పెట్టి, తగిలించింది తగిలించుకుంటాడు. వాడి తరఫున చూడాల్సింది మీరే.

పాత సామాను పారేయించమని అడగడం లేదు. ఏటా విప్పి, కడిగి, ఓ-రింగులు మారుస్తూ వస్తే సిలిండరు గాలి ఒత్తిడిని ఊపిరికి తగినట్టు తగ్గించే రెగ్యులేటరు, ఇరవై ఏళ్లనాటి ఇత్తడిదైనా, బంగారంలా పనిచేస్తుంది. ఉప్పునీళ్లు కడగకుండా మూల పడేస్తే నిరుడు కొన్నదాన్నీ నమ్మలేం. వయసు కంటే చరిత్ర ముఖ్యం. ఆ చరిత్ర కాగితం మీద ఉండాలి.

సిలిండర్ల సంగతే చూడండి. లోపల మూడు వేల పీఎస్ఐ ఒత్తిడి ఉంటుంది, కారు టైరులో ముప్ఫై చిల్లర. అమెరికాలో 1988కి ముందు చేసిన చాలా అల్యూమినియం సిలిండర్లకు 6351 అనే మిశ్రమలోహం వాడారు. ఏళ్ల తరబడి ఒత్తిడిలో ఉండేసరికి కొన్నిటి మెడలో, వాల్వు బిగించే మరల దగ్గర పగుళ్లు వచ్చాయి. గాలి నింపుతుండగా పేలినవీ ఉన్నాయి. పైకి మాత్రం రంగు చెదరలేదు. అందుకే అక్కడ ఆ రకానికి ఐదేళ్లకోసారి నీటి ఒత్తిడితో చేసే హైడ్రో టెస్టు చాలదని, పగుళ్లు పట్టుకునే ఎడ్డీ కరెంట్ పరీక్ష కూడా పెట్టారు. మెడ మీద పొడిచిన హైడ్రో టెస్టు నెల, సంవత్సరం చదవడానికి ఇంజనీరు అక్కర్లేదు. రంగు కొట్టి ఆ అంకెల్ని పూడ్చేసిన సిలిండరైతే నేను ముట్టుకోను.

రెగ్యులేటరు కూడా చూసేవాడికి చాలా చెబుతుంది. సిలిండరుకు తగిలే మూతి దగ్గర గోరంత లోహపు జల్లెడ ఉంటుంది. అది పచ్చగా చిలుము పట్టిందంటే ఉప్పునీరు లోపలికి పోయినట్టే. ఎర్రగా ఉంటే ఉక్కు సిలిండరు లోపల తుప్పు రాలుతోంది. నల్లబడితే కంప్రెసరును అనుమానించాలి.

రెగ్యులేటరు నుంచి గాలి తెచ్చే అల్లిక గొట్టాలది ఇంకో తంటా. పైన అల్లిక నిగనిగలాడుతున్నా, కొన్నిటి లోపలి ప్లాస్టిక్ పొర వేడికి క్షీణించి పలుకులు కడుతుంది. అవి గాలికి అడ్డం పడతాయి. విశాఖ ఎండలో సామాను వ్యాను వెనక ఉడికే తీరు చూస్తే, గొట్టాలు మార్చడానికి ఒక గడువు ఉండి తీరాలి.

నీళ్లలో తేలడానికి తొడుక్కునే జాకెట్‌లో గాలి నింపే మీట ఉప్పు కట్టి ఇరుక్కుంటే మనిషి ఆగకుండా పైకి లేస్తాడు. పది మీటర్ల లోతు నుంచి ఊపిరి బిగబట్టి వస్తే ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపు కాబోతుంది. కంగారులో బిగబట్టేది కూడా కొత్తవాళ్లే.

సిలిండర్ల సంగతి నాగపూర్‌లోని పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) చూసుకుంటుందని మీవాళ్లు అనవచ్చు. దాని నిబంధనలు సిలిండరుకూ వాల్వుకూ సంబంధించినవి. వాటికి బిగించే రెగ్యులేటరుకూ గొట్టానికీ జాకెట్‌కూ మీ అనుమతి పత్రంలోనే షరతు పెట్టండి. ప్రతి సెట్టుకూ ఒక కార్డు, దాని మీద హైడ్రో టెస్టు తేదీ, చివరి సర్వీసు తేదీ, గొట్టం మార్చిన తేదీ, చేసిన మనిషి సంతకం ఉండాలి. ఖర్చు పెరుగుతుందంటారు. పెరుగుతుంది, టికెట్టు మీద వేసుకోమనండి. తనిఖీకి వచ్చే అధికారి కార్డు చూసి వెళ్లిపోకుండా, ఒక రెగ్యులేటరు మూత తీయించి ఆ జల్లెడ రంగు చూడాలి. కార్డు తెలుగులో కూడా ఉండాలి, సంతకం పెట్టించుకునే ముందే చేతికివ్వాలి.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక డైవరు