ఊరు ఒకటే... ఏ రాష్ట్రమని వెతకాలి?

ఏం కావాలన్నా సెల్లులో కొడితే వచ్చేస్తుందనుకునే రోజులివి. నిజమే, వస్తుంది. కానీ వచ్చింది మనకి పనికొచ్చేదేనా? హైదరాబాదులోనో విజయవాడలోనో వుండేవాళ్ళకి ఈ అనుమానం అంతగా రాకపోవచ్చు. మా భద్రాచలం చుట్టుపక్కల అడవి అంచు ఊళ్ళ ఆడవాళ్ళకి మాత్రం ఇది రోజూ ఎదురయ్యే చిక్కే.

కారణం మీకు తెలిసిందే. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్ళని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. దాని పక్కనే వున్న ఎటపాక ఆంధ్రకి పోయింది. కూనవరం సంగతే చూడండి. 2014 దాకా ఖమ్మం జిల్లా, ఆ తర్వాత తూర్పు గోదావరి, 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా. జిల్లాల మార్పులు అక్కడితోనూ ఆగలేదు. ఇటు భద్రాచలం కూడా 2016 అక్టోబరులో ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి మారింది.

మనుషులకి ఇదంతా గుర్తుంటుంది. సెర్చ్ ఇంజనుకి మాత్రం పేజీల్లో రాసివున్న మాటలే ఆధారం. పాత పేజీలు చాలావరకు అలాగే వుంటాయి. అందుకే ఊరి పేరుకి ఖమ్మం అని తగిలిస్తే, ఎప్పుడో మారిపోయిన ఆఫీసుల వివరాలు కూడా ముందుకొస్తాయి. పైన కనబడే ఏఐ సారాంశం కూడా ఒక్కోసారి రెండు రాష్ట్రాల కబుర్లూ కలిపేస్తుంది.

దీనివల్ల నష్టమేమిటంటారా? ఉచిత బస్సునే తీసుకోండి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైంది, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న. ఏ రాష్ట్రం పథకానికి ఆ రాష్ట్రం గుర్తింపు కార్డే చూపించాలి. 'మహిళలకి ఉచిత బస్సు' అని మాత్రమే వెతికితే ఎటపాక చెల్లెలికి తెలంగాణ నిబంధనలు, భద్రాచలం అక్కకి ఆంధ్ర నిబంధనలు కనబడవచ్చు. కులం సర్టిఫికెట్టు కోసం తప్పు ఆఫీసుకి పోతే బస్సు చార్జీ, ఆ రోజు కూలీ రెండూ పోయినట్టే.

వరదల్లో అయితే ఇది ప్రాణాల మీదికొచ్చే సంగతి. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండవది, 53 మూడవది. 2022 జులైలో నీరు 71.3 అడుగులకి చేరింది. దిగువన శబరి కలిసే కూనవరం వాళ్ళు కూడా ఈ లెక్క చూసుకునే సామాన్లు సర్దుకుంటారు. అలాంటప్పుడు 2022 నాటి వీడియో పైకొస్తే వూరికే హడలిపోతాం. నిన్నటి అంకె చూసి ధైర్యంగా కూర్చుంటే అంతకన్నా ముప్పు.

మరి ఎలా వెతకాలి? జిల్లా పేరు మారుతూ వుంటుంది గనుక రాష్ట్రం, మండలం, కావలసిన పని, సంవత్సరం రాయండి. 'ఆంధ్రప్రదేశ్ ఎటపాక మండలం కులం సర్టిఫికెట్' అంటే సగం చిక్కు తీరుతుంది. ఇంగ్లీషులో ఎటపాకని 'వై' అక్షరంతో రాసేవాళ్ళున్నారు, 'ఈ'తో రాసేవాళ్ళూ వున్నారు. రెండు రకాలుగానూ ప్రయత్నించండి. పేరు అచ్చంగా అదే రావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. ప్రభుత్వ పేజీలే కావాలంటే ఇంగ్లీషులో 'సైట్' అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా 'జీఓవీ డాట్ ఇన్' చేర్చండి. వరద వార్తలకి గూగుల్ టూల్స్‌లో 'గత 24 గంటలు' ఎంచుకోండి. అప్పుడు కూడా పేజీలో తేదీ, గంట చూడకుండా నమ్మొద్దు. 'స్పాన్సర్డ్' అని వుంటే అది డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటన అన్నమాట.

అయితే భారమంతా ఆడవాళ్ళ మీదే వేస్తే న్యాయం కాదు. ఊళ్ళని ఇటూ అటూ మార్చింది ప్రభుత్వాలు. పాత పేజీ మీద 'ఈ ఊరు ఇప్పుడు ఫలానా రాష్ట్రంలో వుంది' అని ఒక్క వాక్యం రాయడం వాళ్ళకి పెద్ద పనేం కాదు. ఆ పని జరిగేదాకా, సెల్లులో చూసిన అడ్రసుని సచివాలయంలోనో మండలాఫీసులోనో ఒకసారి ఫోనుచేసి అడిగి, ఆ తర్వాతే బస్సెక్కండి.