నీళ్లు పంచాయతీవి, నిప్పు ఎవరిది?

ఏప్రిల్ నెలలో ఒక్కసారి విస్సన్నపేట నుంచి నూజివీడు వైపు బండి మీద వెళ్లి చూడండి. దారి పొడవునా మామిడి తోటలే. కాయ దిగే రోజులు. తోటలో ఓ మూల చెట్ల నీడన తాటాకో నల్ల పట్టానో కప్పిన గుడిసె కనిపిస్తుంది. గుమ్మం ముందు మూడు రాళ్ల పొయ్యి, పక్కన ఊడ్చి పోగేసిన ఎండుటాకు కుప్ప, రెండు బిందెల నీళ్లు. అది కాపలా కుటుంబం. చాలా తోటల్లో వాళ్లు యానాదులు. తోట రైతు పేరు కాగితం మీద ఉంటుంది, కాయ కొన్న వ్యాపారి పేరూ ఉంటుంది. ఆ గుడిసెకి మాత్రం ఇంటి నంబరు కూడా ఉండదు.

ఆ పొయ్యిలోంచి ఒక నిప్పురవ్వ లేచిందనుకోండి. మధ్యాహ్నం, వడగాలి. మీరు అక్కడే ఉన్నారు, ఫోన్ తీసి 101 కొట్టారు. తర్వాత ఏమవుతుందో లెక్క వేసుకుందాం.

పల్లెలో నిప్పంటుకుంటే ఫైరింజను 20 నిమిషాల్లో చేరాలని కేంద్రం వేసిన స్థాయీ అగ్నిమాపక సలహా సంఘం ఎప్పుడో చెప్పింది. పట్నాలకైతే ఐదు నుంచి ఏడు నిమిషాలు. ఇక్కడికి బండి రావాలంటే తిరువూరు నుంచో నూజివీడు నుంచో రావాలి. పాతిక కిలోమీటర్లనుకుందాం. మన రోడ్ల మీద నిండా నీళ్లున్న బండి గంటకు నలభై వేగంతో వస్తే 37 నిమిషాలు. మెయిన్ రోడ్డు దిగాక డొంక, డొంక మీద వాలిన కొమ్మలు, చేతికందే ఎత్తులో కరెంటు తీగలు. ఇంకో మాట, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాలోకి, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. ఒకే మామిడి, ఒకే నేల, రెండు కలెక్టరాఫీసులు.

తాటాకు గుడిసె పది నిమిషాల్లో బూడిద. కాబట్టి నిజం ఒప్పుకుందాం: అంటుకున్న మొదటి గుడిసెని ఫైరింజను కాపాడలేదు. ఎంత మంచి సిబ్బంది వచ్చినా కాపాడలేరు. కాపాడగలిగేది రెండోదాన్ని, మూడోదాన్ని, వరసలో చివరిదాన్ని. తండాలో అయితే పశువుల పాకని, గడ్డివామిని. అసలు పోరాటం అక్కడ. అక్కడ గెలవాలంటే కావాల్సింది నీళ్లు.

మామూలు ఫైరింజనులో పట్టేది 4,500 లీటర్లు. వినడానికి చాలా అనిపిస్తుంది. ఒక పైపు నిమిషానికి 450 లీటర్లు వదిలితే పది నిమిషాలు. రెండు పైపులు వేస్తే ఐదు. ఆ తర్వాత? పట్నంలో అయితే వీధి పక్కన హైడ్రంటు ఉండాలి, కనీసం కాగితం మీదైనా ఉంటుంది. మన దగ్గర కాగితం మీద కూడా లేదు. డ్రైవర్ కిందకి దిగి అడుగుతాడు: "ఇక్కడ నీళ్లెక్కడున్నాయి?" కాలుతున్న ఇంటి ముందు ఏడుస్తున్న మనిషిని అడగాల్సిన ప్రశ్నా ఇది? కానీ అడగక అతనేం చేస్తాడు. అతని దగ్గర ఆ ఊరి నీళ్ల జాబితా లేదు. మండలంలో ఏ ఆఫీసుకి వెళ్లి అడిగినా అలాంటి జాబితా మీ చేతికి రాదు.

ఎందుకు లేదు? ఇది ఎవరో ఒక అధికారి బద్ధకం కాదు. రాజ్యాంగంలోనే మొదలైన ఖాళీ. 1992లో చేసిన సవరణలతో పంచాయతీలకి పదకొండో షెడ్యూలు, మునిసిపాలిటీలకి పన్నెండో షెడ్యూలు వచ్చాయి. పన్నెండో షెడ్యూల్లో పద్దెనిమిది అంశాలుంటే అందులో ఒకటి అగ్నిమాపక సేవలు. పదకొండో షెడ్యూల్లో ఇరవై తొమ్మిది అంశాలున్నాయి. తాగునీరు ఉంది, చిన్న నీటిపారుదల ఉంది, ఉమ్మడి ఆస్తుల నిర్వహణ ఉంది, గ్రంథాలయాలు, సంతలు కూడా ఉన్నాయి. అగ్గి లేదు. పల్లె కాలదని అనుకున్నారో ఏమో!

ఫలితం ఏమిటంటే చెరువు, మంచినీళ్ల ట్యాంకు పంచాయతీ చేతిలో, ఫైరింజను రాష్ట్ర శాఖ చేతిలో. ఈ రెండు చేతులూ ఒక్కసారి కూడా కలవవు. మంట లేచిన రోజు కలుస్తాయి, అప్పుడు వాల్వు తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కుంటారు.

ఇక్కడ కొందరు మిత్రులు అంటారు, "ఈ మెట్టలో నీళ్లెక్కడున్నాయండీ? సాగర్ ఎడమ కాలువకి చిట్టచివర మనం. చింతలపూడి ఎత్తిపోతల ఇంకా పూర్తి కాలేదు. తాగడానికే లేకపోతే మంటకెక్కడ తేవాలి?" అది సగం నిజం. పక్కనే ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి లంబాడీ తండాల్లో కిడ్నీ జబ్బు కుటుంబాలని ఎలా తినేసిందో ఈ పేజీ చదివేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. తాగే నీళ్లు ట్యాంకర్లలో తోలాల్సి వచ్చిన చోటు అది. అలాంటి చోట మంటకి నీళ్లు దాచమనడం అన్యాయంగా వినిపించొచ్చు. కానీ రెండో సగం కూడా వినండి. నీళ్లున్నాయి. ఉన్న నీళ్లు ఫైరింజనుకి అందే తీరులో లేవు.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఫైరింజనులో ఉండే పంపు చెరువులోంచో బావిలోంచో నీళ్లు పీల్చుకోగలదు. అయితే పీల్చడానికి ఒక హద్దుంది. పైపులోకి నీళ్లని తోసేది గాలి ఒత్తిడి. అది లెక్కప్రకారం పది మీటర్ల ఎత్తు వరకే తోస్తుంది, ఆచరణలో ఏడు మీటర్లు దాటితే కష్టం. మన తాతల కాలంలో ప్రతి తోటకీ మోటబావి ఉండేది. బండి బావి ఒడ్డుకి చేరితే చాలు, నీళ్లు ఏడు మీటర్ల లోపుంటే తోడుకోవచ్చు. తర్వాత బోర్లొచ్చాయి. బోర్లు లోతుకి పోయాయి, బావులు ఎండాయి, కొన్నిటిని పూడ్చేశారు. బోరులో నీళ్లు వందల అడుగుల కింద ఉంటాయి. ప్రపంచంలో ఏ ఫైరింజనూ వాటిని పైనుంచి పీల్చలేదు. బోరు మోటారు ఇస్తేనే నీళ్లు. మోటారుకి త్రీఫేజ్ కరెంటు కావాలి. వ్యవసాయానికి ఇచ్చేది పగటిపూట తొమ్మిది గంటలు. రాత్రి రెండు గంటలకి గుడిసె అంటుకుంటే? పోనీ పగలే అంటుకుంది, తీగల మీద మంట పడకుండా ముందు చేసే పని లైను ఆపేయడం. లైను ఆగితే మోటారూ ఆగుతుంది. బోర్లు తవ్వుకుంటూ పోయిన యాభై ఏళ్లలో పంటకి నీళ్లొచ్చాయి, మంటకి నీళ్లు పోయాయి. ఈ సంగతి ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

చెరువులు, ఉపాధి హామీలో తవ్విన పంటకుంటలు ఉన్నాయి కదా అంటారా? నవంబరులో వచ్చి చూస్తే ఉన్నట్టే. ఏప్రిల్లో చూడండి, బురద, తుమ్మచెట్లు. పీల్చే గొట్టం చివర జల్లెడ మీద కనీసం అడుగో రెండడుగులో నీళ్లు లేకపోతే పంపు గాలి మింగుతుంది. అందుకే నీళ్ల జాబితా రాస్తే ఎండాకాలంలోనే రాయాలి. వానాకాలం జాబితా మంట రోజున అబద్ధం చెబుతుంది.

మరి ఏం మిగిలింది? మీ ఊళ్లో తలెత్తి చూడండి. మంచినీళ్ల ట్యాంకు. 40,000 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే దాదాపు తొమ్మిది ఫైరింజన్ల నీళ్లు. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు, ఎత్తు మీదున్నాయి కాబట్టి వాటంతటవే దిగుతాయి, అర్ధరాత్రయినా దిగుతాయి. లేనిదల్లా కింద ఒక వాల్వు, దానికి ఫైరింజను గొట్టం తగిలించుకునే 63 మిల్లీమీటర్ల కప్లింగు. ట్యాంకు కట్టేటప్పుడే పెడితే మేస్త్రీకి ఒక పూట పని. జల్ జీవన్ మిషన్ కింద 2019 నుంచి మనిషికి రోజుకి 55 లీటర్లని లెక్క కట్టి పైపులు వేశారు, ట్యాంకులు కట్టారు. ఆ లెక్కలో మంటకి ఒక్క లీటరు లేదు. గొట్టం తగిలించే చోటూ లేదు.

హైడ్రంట్లు లేని పల్లెలు మనకే కాదు, ప్రపంచమంతా ఉన్నాయి. అమెరికాలో ఊరి చెరువులోకి ఒక లావు పైపు దించి, చివర జల్లెడ బిగించి, రెండో కొస రోడ్డు పక్కన పైకి లేపి వదిలేస్తారు. దాన్ని డ్రై హైడ్రంట్ అంటారు. బండి బురదలోకి దిగక్కర్లేదు, రోడ్డు మీదే ఆగి గొట్టం తగిలించి పీల్చుకుంటుంది. పల్లెల్లో మంటకి ఎన్ని నీళ్లు, ఎక్కణ్నుంచి అన్నదానికి అక్కడ ఎన్.ఎఫ్.పి.ఎ. 1142 అని విడిగా ఒక ప్రమాణమే ఉంది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో కార్చిచ్చు భయం ఉన్న చోట పెద్ద స్థలంలో ఇల్లు కట్టుకునేవాడు 10,000 లీటర్ల నీళ్లు మంట కోసమే విడిగా ఉంచాలి. మంచిదే. కానీ అక్కడ ఆ భారం సొంత భూమి ఉన్నవాడిది. తోట మూలన పట్టా కింద బతికే యానాది కుటుంబం తొట్టి ఎక్కడ కట్టుకోవాలి? తోట రైతు ఒప్పుకుంటాడా? అందుకే మన దగ్గర ఇది ఇంటివాడి బాధ్యత కాలేదు, పంచాయతీ బాధ్యతే కావాలి.

ఫైరింజను వచ్చేలోపు అరగంట ఉంది చూశారూ, దానికి ఈ మామిడి నేలలోనే ఒక సాధనముంది. పూత మీద మందు కొట్టే ట్రాక్టరు ట్యాంకులు, ఇంజన్లు, వందల అడుగుల పైపు. చెట్టు చిటారుకి మందు చిమ్మే పంపు పక్క గుడిసె కప్పుని తడపలేదా? తడుపుతుంది. ధార సన్నం, మండుతున్న ఇంటిని ఆర్పలేదు గానీ మండబోయే ఇంటిని ఆపగలదు. కరెంటుతో పని లేదు, ఇంజనుతో నడుస్తుంది. ఒక్క జాగ్రత్త: అందులో మొన్నటి పురుగుమందు మిగిలి ఉంటే అది జనం మీద, తిండి గింజల మీద పడుతుంది. కాయ కోత మొదలయ్యాక ఆ ట్యాంకుల్ని కడిగి మంచినీళ్లు నింపి ఉంచమని రైతుల్ని అడగొచ్చు. ఊరికి రెండు చాలు. పెళ్లిళ్లకి నీళ్లు తోలే ట్రాక్టరు ట్యాంకర్ల నంబర్లు కూడా అందరి ఫోన్లలో ఉండాలి. పెళ్లికి పిలిస్తే వచ్చే ట్యాంకరు మంటకి పిలిస్తే డీజిలు డబ్బులెవరిస్తారని ఆలోచిస్తుంది, అది తప్పు కూడా కాదు. ఆ డబ్బు పంచాయతీ ఇస్తుందని ముందే తీర్మానం ఉండాలి.

"ఇప్పుడు గుడిసెలెక్కడున్నాయి, అందరికీ కాలనీ ఇళ్లొచ్చాయిగా" అనేవాళ్లకి ఒక ప్రభుత్వ కాగితమే చూపిస్తాను. విపత్తు సాయానికి కేంద్రం 2022-26 కాలానికి ఇచ్చిన నిబంధనల్లో మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే, కచ్చా ఇల్లయినా సరే, 1,20,000 రూపాయలు. అదీ అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరిస్తే. గుడిసె పోతే 8,000. బట్టలకి 2,500, వంట సామాన్లకి 2,500. గడ్డి, మట్టి, ప్లాస్టిక్ షీట్లతో వేసుకున్నది, కచ్చా ఇంటికన్నా తక్కువది గుడిసె అని నిర్వచనం కూడా రాశారు. అంటే గుడిసెలున్నాయని ప్రభుత్వానికి తెలుసు. ధర కూడా కట్టింది. ఆ 8,000 రావాలన్నా ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం చూపించాలి. అవి ఎక్కడున్నాయి? గుడిసె చూరులో, ప్లాస్టిక్ కవర్లో. గుడిసెతోపాటే.

మనవాళ్లు ఏజెన్సీలో లేరు. ఐదో షెడ్యూలు, పెసా చట్టం విస్సన్నపేటకి వర్తించవు. మైదాన గిరిజనులకి మిగిలింది మామూలు గ్రామసభే. మన పంచాయతీరాజ్ చట్టం గ్రామసభ పెట్టమన్న తేదీల్లో ఏప్రిల్ 14 ఒకటి. అది అంబేడ్కర్ జయంతి అని అందరికీ తెలుసు. అదే రోజున అగ్నిమాపక వారోత్సవాలు కూడా మొదలవుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలినప్పుడు చనిపోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకంగా. పొద్దున విగ్రహానికి దండ వేస్తాం, ఇంకోచోట సిలిండరు మంట ఆర్పి చూపిస్తారు, గ్రామసభ రిజిస్టరులో సంతకాలు పడతాయి. మూడూ ఒకే రోజు. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

ఈసారి మీ ఊరి గ్రామసభకి వెళ్లండి. వారోత్సవాలకి వచ్చిన ఫైర్ సిబ్బందిని కూడా అక్కడికే పిలవండి, సంతోషంగా వస్తారు. వాళ్లెదుటే అడగండి: ట్యాంకు కింద కప్లింగు ఎప్పుడు పెడతారు, వాల్వు తాళం రాత్రిళ్లు ఎవరి దగ్గర ఉంటుంది, ఈ నెలలో ఏ చెరువులో, ఏ బావిలో నీళ్లున్నాయి, దాని ఒడ్డుదాకా బండి వెళ్లే దారి ఉందా, తోటల్లో కాపలా గుడిసెలు ఎన్ని, ఏ డొంకలో. పల్లె పటం మీద ఆ గుడిసెలకి చుక్కలు పెట్టించండి. ఫైర్ సర్వీసుల ఆధునికీకరణకి కేంద్రం 2023లో 5,000 కోట్ల పథకం పెట్టింది. అందులోంచి మన మండలానికి ఏమొచ్చిందో రాతపూర్వకంగా అడగండి. చెప్పింది రిజిస్టరులో రాయించండి, రాసింది ఫోటో తీసుకోండి.

"మంటలార్పడం పంచాయతీ పరిధిలోకి రాదండీ" అంటారు కార్యదర్శి. నిజమే, పదకొండో షెడ్యూల్లో లేదు. అప్పుడు మెల్లగా ఆ ట్యాంకు వైపు చూపించి, అది ఎవరి పరిధిలోకి వస్తుందో అడగండి.