బిడ్డ తూకము, ఇంటిలోని దగ్గు

మూడేండ్ల బిడ్డ నెల దినములుగా దగ్గుచుండును. సాయంకాలమగుసరికి ఒళ్లు వెచ్చబడును. అన్నము తినిపింపబోయిన మొగము త్రిప్పుకొనును. తల్లి దిష్టి తీయును. అవ్వ తాయెత్తు కట్టించును. దగ్గు మందు సీసాలు రెండు మూడు అయిపోవును. తుదకు ఆసుపత్రికి తీసికొనిపోగా కఫము పరీక్షింపవలెనందురు. అంత చిన్న బిడ్డ కఫమును ఉమ్మజాలదు. వచ్చిన దానిని మ్రింగివేయును. నోటిలోని ఉమ్మియే పరీక్షకు పోవును. "క్రిములు కానరాలేదు" అను కాగితము చేతికి వచ్చును. గండము గడచినదని ఇంటిల్లిపాదియు సంతోషింతురు. శిశువుల క్షయ విషయమున మిక్కిలి అపాయకరమైనది ఈ నిశ్చింతయే.

1882 మార్చి 24వ తేదీన రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించెను. నాటినుండి కఫములో ఆ క్రిమిని చూపుటయే రోగనిర్ణయమునకు ప్రధానాధారమయ్యెను. పెద్దల విషయమున ఇది సమంజసమే. ఊపిరితిత్తులు పుండుపడిన పెద్దల కఫములో క్రిములు అసంఖ్యాకముగా నుండును. పసివారిలో వ్యాధి తరచుగా ఊపిరితిత్తుల చెంతనున్న గ్రంథులలో తలదాచుకొనును; క్రిములు స్వల్పముగా నుండును. కావున క్రిములు కానరాకపోవుట వేఱు, వ్యాధి లేకపోవుట వేఱు.

అట్లయిన దేనిని చూడవలెను? మొదట బిడ్డ తూకమును చూడవలెను. రెండు వారములకు మించిన దగ్గుగాని జ్వరముగాని ఉన్నను, ఆటపాటలయందు ఆసక్తి తగ్గినను, మెడయందు నొప్పిలేని గడ్డలు లేచినను అనుమానింపవలెను. పది కిలోల బిడ్డ మూడు నెలలలో అరకిలో తగ్గినచో, లేక నెలలు గడచినను తూకము పెరుగక నిలిచిపోయినచో, అది తేలికగా తీసికొనదగిన విషయము కాదు. అంగన్‌వాడీలో తూకము వ్రాయు కార్డు వైద్యునికి ఎంతో ఉపకరించును. ఆసుపత్రికి పోవునప్పుడు దానిని మరువరాదు.

రెండవది ఇంటిని గూర్చిన విచారణ. పసిబిడ్డకు క్షయ సాధారణముగా పెద్దలనుండియే వచ్చును. గడచిన రెండేండ్లలో ఆ ఇంట ఎవరికైన క్షయ వచ్చినదా, ఎవరైన విడువక దగ్గుచున్నారా అను ప్రశ్న ఏ యంత్రపరీక్షకును తీసిపోదు. కాని దీనికే నిజమైన సమాధానము అరుదుగా వచ్చును. ఆడపిల్లకు సంబంధము తప్పిపోవునని, కోడలిని పుట్టింటికి పంపుదురని, పని పోవునని భయపడి జనులు దాచుదురు. ఆ భయము నిరాధారమైనది కాదు. కనుక దాచినవారిని నిందించినందువలన ప్రయోజనము లేదు. నలుగురి ఎదుట గాక, ఏకాంతమున, మృదువుగా అడిగి తెలిసికొనుట ఆరోగ్యోద్యోగుల విధి.

పరీక్షలకు కొదువ లేదు. వేకువను, బిడ్డ ఏమియు తినకముందు, సన్నని గొట్టముతో కడుపులోని ద్రవమును తీసి జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రమున పరీక్షింపవచ్చును. మలమును గూడ పరీక్షింపవచ్చును. ఫలితము సుమారు రెండు గంటలలో తెలియును. ఎక్స్‌రే గలదు. మాంటూ పరీక్షలో సూది వేసిన చోటును 48 మొదలు 72 గంటలలోపల కొలుతురు. 10 మిల్లీమీటర్లు లేక అంతకు మించి గట్టిపడినచో క్రిమి శరీరమున ప్రవేశించినదని సాధారణముగా భావింతురు. అంతమాత్రమున వ్యాధి వచ్చినదని కాదు. రక్తములోని ప్రతిరక్షకములను బట్టి క్షయను నిర్ణయించు పరీక్షలను భారత ప్రభుత్వము 2012లో నిషేధించెను. వాటికి డబ్బు వెచ్చింపరాదు. లక్షణములు, తూకము, ఇంటి చరిత్ర, పరీక్షలు అన్నియు కలిపి చూచియే వైద్యుడు నిర్ణయించును. క్రిమి చిక్కకున్నను చికిత్స అవసరమని వైద్యుడు చెప్పినచో, ఆ కాగితమును చూపి తల్లిదండ్రులు వాదింపరాదు.

"బి.సి.జి. టీకా వేయించితిమి గదా" అనువారు కలరు. మన దేశమున 1948లో ఆరంభమైన ఆ టీకా పసివారిని మెదడు పొరలకు సోకు క్షయ మొదలగు ఘోరరూపములనుండి చాలవరకు కాపాడును. తప్పక వేయింపవలసినదే. కాని అది క్షయ రాదనుటకు హామీపత్రము కాదు. దగ్గు, జ్వరములతో నున్న బిడ్డకు వాంతులు, మగత, మూర్ఛ కనిపించినచో ఒక్క పూటయు ఆలస్యము చేయరాదు.

పిల్లల క్షయ నయమగు వ్యాధి. ప్రభుత్వాసుపత్రులలో మందులు ఉచితముగా నిత్తురు. ఇంట క్షయరోగి ఉన్నప్పుడు, వ్యాధి సోకని పసివారికి నివారణ మందులును కలవు. ఇన్ని సదుపాయములుండగా, ఒక కాగితమును నమ్మి విచారణను ముగించుట న్యాయము కాదు. ఆ కాగితము వ్రాయువారు ఇంటిని గూర్చి మరియొక ప్రశ్న అడుగవలెను. దగ్గుచు మనుమని ఎత్తుకొను తాత ముందు తన కఫమును పరీక్ష చేయించుకొనవలెను.