చర్మమునందలి కావలివారు

పుట్టిన బిడ్డకు ఎడమ భుజముపై వేయు బి.సి.జి. టీకాను గూర్చి సోదరీమణులు కొందరు మాకు వ్రాసిరి. మూడు వారములకు పొక్కు లేచి చీము పట్టినదట. సూది చెడినదేమో యని వారి భయము.

చర్మము దేహమునకు కప్పిన వస్త్రము మాత్రమే కాదు. 1868వ సంవత్సరమున బెర్లినులో వైద్యవిద్యార్థి యగు పాల్ లాంగర్‌హాన్స్ చర్మపు తునకకు బంగారు లవణముతో రంగు పట్టించి చూడగా, కొమ్మలు చాచిన చెట్లవంటి కణములు కానవచ్చెను. ఆయన వానిని నాడీకణములని తలచెను. నూరేండ్లు గడచిన పిదపగాని వాని నిజమైన యుద్యోగము తెలియలేదు. అవి కావలివారు. లోనికి చొరబడిన క్రిమి తునకను పట్టుకొని, చర్మమును విడిచి, రసనాళముల వెంట చంకలోని గ్రంథికి బోయి, అచ్చటి టి-కణములకు చూపును. గుర్తించిన టి-కణము తనవంటివానిని వేలకొలది పుట్టించును. అవి రక్తమార్గమున వచ్చి క్రిమి నెదుర్కొనును. వానిలో కొన్ని పని తీరినను మరలిపోక చర్మముననే కాపురముండును. ఆ శత్రువే మరల వచ్చెనేని వార్తకై వేచియుండ నక్కరలేదు.

మంచి కావలివాడు వచ్చిన ప్రతి చుట్టమును కర్రతో గొట్టడు గదా! ఒక్కొక్కచో వీరును పొరబడుదురు. నికెలు కలిసిన చెవిపోగు పెట్టినచోట కొందరికి దురద, పొక్కులు పుట్టుట ఇందుచేతనే.

కావలివారు దట్టముగా నున్నచోట మందు కొంచెమైనను చాలును. 2016లో హైదరాబాదునందు పిల్లలకు పోలియో సూదిమందును పూర్తి మోతాదులో ఐదవవంతు, 0.1 మిల్లీలీటరు మాత్రమే, చర్మములో నెక్కించిరి.

ఇక బి.సి.జి. సంగతి. ఆవుల క్షయక్రిమిని కాల్మెట్, గెరాన్ అను నిరువురు ఫ్రెంచివారు 13 ఏండ్లు పెంచి పెంచి దాని బలముడిపిరి. 1921లో మొదట ఒక శిశువునకిచ్చిరి. అది బలహీనమే గాని, ప్రాణముతో నున్నది. కావున చర్మము దానితో నిజముగనే పోరును. ఆ పొక్కు, ఆ చీము పోరాటపు గుర్తులు. ఇంటి పెద్దలు ప్రేమతోనే పసుపో, నూనెయో రాయజూతురు. ఈ పుంటికి మాత్రము వలదని మెల్లగా చెప్పుడు. నొక్కి చీము తీయరాదు. శుభ్రమైన నీటితో కడిగి పొడిగా నుంచిన చాలును. కొన్ని వారములలో మాని చిన్న మచ్చ నిలుచును. మచ్చ పడలేదని మరల టీకా వేయింప నక్కరలేదు. చంకలో గడ్డ పెద్దదైనను, పుండు మూడు నెలలకును మానకున్నను వెంటనే వైద్యునకు చూపవలెను.