దాహం పేరు చెప్పి చట్టం దాటుతున్నరు

నాంపల్లిలో రైలు దిగే తమ్ముళ్లారా, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు వెతికే చెల్లెళ్లారా! అక్కడ హోటల్లో గ్లాసెడు నీళ్లు తాగేటప్పుడు ఒక్కసారి అడగండి, ఈ నీళ్లు ఎక్కడివని. ఈ నగరానికి 2004 నుంచి కృష్ణ నీళ్లు, 2015 నుంచి ఎల్లంపల్లి దగ్గరి గోదావరి నీళ్లు వస్తున్నాయి.

నీళ్లు తాగొద్దని ఎవరూ అనడం లేదు. నాంపల్లి బస్తీలో బిందె పట్టుకొని నిలబడ్డ అక్క మన శత్రువు కాదు. ఆమె బిందెను ముందు పెట్టి వెనక నుంచి చట్టాన్ని దాటేవాళ్లతోనే మన కొట్లాట.

2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద సాగునీటి ప్రాజెక్టుకు పని మొదలుపెట్టకముందే పర్యావరణ అనుమతి కావాలి. నష్టం లెక్కగట్టాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కానీ ఆ జాబితాలో తాగునీటి ప్రాజెక్టు లేదు. సర్కారుకు సందు అక్కడే దొరికింది.

కాళేశ్వరానికి 2016 మేలో శంకుస్థాపన చేశారు. పర్యావరణ అనుమతి వచ్చింది 2017 డిసెంబర్‌లో. ముందే పని ఎట్లా చేశారంటే, అది తాగునీటి కోసమన్నారు! హైదరాబాద్ తాగునీటికి పెట్టిన వాటా 30 టీఎంసీలు. ప్రాజెక్టులో పెద్ద భాగం సాగుకే. 2020 అక్టోబర్‌లో ఎన్జీటీ ఆ వాదన చెల్లదని, అనుమతి లేకుండా పని చేయడం తప్పని చెప్పింది. అప్పటికే మేడిగడ్డ బ్యారేజీ ప్రారంభమై ఏడాది దాటింది. మూడు వేల హెక్టార్లకు పైగా అడవి భూమి ప్రాజెక్టుకు పోయింది. తీర్పు వస్తే కొట్టేసిన చెట్టు మళ్లీ లేస్తదా?

పాలమూరు-రంగారెడ్డిలోనూ అదే పాట. పాలమూరు, డిండి పథకాలకు కలిపి 2022 డిసెంబర్‌లో ఎన్జీటీ సుమారు 920 కోట్ల జరిమానా వేసింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసి, 7.15 టీఎంసీల తాగునీటి మేరకు పనులకు ఒప్పుకుంది. జనం దాహం నిజమే. ఆ దాహాన్ని అనుమతి పత్రంలా వాడుకోవడమే మోసం.

ఇక చిత్తడి నేలల సంగతి. ఏటి ఒడ్డున, చెరువు శిఖంలో తడి ఆరని నేల అది. చేప గుడ్లు పెట్టేది, ఎండాకాలం పశువులు మేసేది అక్కడే. 2017 చిత్తడి నేలల నిబంధనలు చదవండి. నదీ ప్రవాహం చిత్తడి నేల కిందికి రాదట. తాగునీటి కోసం, సాగు కోసం కట్టిన చెరువులూ రావట! అంటే రిజర్వాయర్ కింద మునిగే ఏరుకు ఆ నిబంధనల రక్షణ లేదు, మన తాతలు తవ్విన చెరువుకూ లేదు. మరి మనకు మిగిలింది ఏంది?

అనుమతి ఉన్న చోట కూడా మన మాట వినలేదు. పోలవరానికి 2005 అక్టోబర్‌లో అనుమతి ఇచ్చారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లో ముంపు ఊళ్ల జనాన్ని అడగలేదని 2007 డిసెంబర్‌లో అప్పిలేట్ అథారిటీ దాన్ని రద్దు చేసింది. హైకోర్టు ఆ రద్దును నిలిపేసింది. పని సాగింది. మునిగేది కోయ, కొండరెడ్డి ఊళ్లు.

కాబట్టి చదువుకున్న మనం చేయాల్సిన పని ఉంది. అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టూ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది ప్రజల పత్రం, ఎవరైనా అడగవచ్చు. ఆర్టీఐ వేసి తెప్పించండి. గ్రామసభలో కోయలో, గోండిలో చదివి వినిపించండి. రాసిన షరతు ఒకటి, ఊర్లో జరిగింది ఇంకొకటి అయితే ఫొటో తీసి, తేదీ వేసి, తీర్మానం రాయండి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న అసెంబ్లీకి ఆ కాగితాలతోనే పోదాం.

నగరం దాహం తీరాలి. కానీ చట్టం మొదట మన ఊర్లో అమలు కావాలి, నల్లా తర్వాత తిప్పాలి.

జల్, జంగల్, జమీన్ మనవే. జై ఆదివాసీ!