సొరంగం దాటాక అసలు పరీక్ష

తెలుగులో మంచుకు ఒక్కటే మాట. తెల్లవారుజామున పొలాల మీద కమ్ముకునేదీ మంచే, గడ్డిపరకల మీద మెరిసేదీ మంచే. ఆకాశం నుంచి దూదిలా రాలేదీ, రోడ్డు మీద గాజుపలకలా గడ్డకట్టేదీ మంచే. లంబసింగిలో డిసెంబర్ చలికి వణికి వచ్చేవారికి ఈ తేడాలతో పెద్దగా పనిలేదు. కానీ చండీగఢ్‌లో కారు అద్దెకు తీసుకుని మనాలీ దారి పట్టిన హైదరాబాద్ కుటుంబానికి చివరి రెండింటి మధ్య తేడా ప్రాణాలతో ముడిపడిన విషయం. కొత్తగా కురిసిన మంచు కంటికి కనిపిస్తుంది, టైరు కింద నలుగుతుంది, ఎంతో కొంత పట్టు ఇస్తుంది. గడ్డకట్టిన మంచు చాలాసార్లు కనిపించదు, పట్టూ ఇవ్వదు.

ఒకప్పుడు మైదాన ప్రాంతాల డ్రైవర్లకు ఈ తంటా ఉండేది కాదు. 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్‌తాంగ్ కనుమ శీతాకాలం రాగానే మూతపడేది. దాంతో దారే ఉండేది కాదు. అవతల ఉన్న లాహౌల్ లోయ ప్రజలు నెలల తరబడి హెలికాప్టర్ల మీద ఆధారపడేవారు. సరిహద్దు రహదారుల సంస్థ నిర్మించిన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం 2020 అక్టోబర్ 3న ప్రారంభం కావడంతో వారి కష్టం చాలావరకు తీరింది. అదే సమయంలో చిన్న కార్లలో వచ్చే పర్యాటకులకూ మంచులోకి తలుపు తెరుచుకుంది. అయితే సొరంగం కొండను తప్పించింది గానీ చలిని తప్పించలేదు. దాని రెండు ముఖద్వారాలూ 3,000 మీటర్లకు పైనే ఉన్నాయి. 2024 డిసెంబర్ చివరి వారంలో సోలంగ్, సొరంగం మధ్య వందలాది వాహనాలు చిక్కుకుపోయి, పోలీసులు రాత్రంతా పర్యాటకులను కిందికి దించాల్సి వచ్చింది. స్టీరింగ్ ఎటు తిప్పినా మాట వినకుండా జారిపోతున్న కార్ల వీడియోలు ఆ రోజుల్లో దేశమంతా చూసింది.

ఆ కార్లు ఎందుకు ఆగలేదు? బ్రేకులు చెడిపోయి కాదు. బ్రేకు ఆపేది చక్రాన్ని మాత్రమే. కారును ఆపాల్సింది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే రాపిడి. పొడి తారు రోడ్డు మీద ఉండే పట్టులో నున్నటి ఐస్ మీద మిగిలేది దాదాపు ఏడో వంతే. లెక్క వేస్తే, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు పొడి రోడ్డుపై బ్రేకు పడ్డాక సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. ఐస్ మీద అదే కారుకు 60 మీటర్లకు పైగా కావాలి. ఇదంతా చదునైన రోడ్డు సంగతి. పది మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో ఆ కొద్దిపాటి పట్టును వాలే మింగేస్తుంది. అక్కడ ఎంత గట్టిగా తొక్కినా కారు ఆగదు. వేగం మాత్రం డ్రైవర్ చేతిలో ఉన్న విషయం. దాన్ని సగానికి తగ్గిస్తే ఆగే దూరం నాలుగో వంతుకు పడిపోతుంది. 20 కిలోమీటర్ల వేగంలో చదునైన ఐస్ మీద 16 మీటర్లు చాలు. నిదానమే ప్రధానమన్న సామెతకు ఇంతకంటే పక్కా లెక్క దొరకదు.

చలి ఎక్కువైతేనే జారుడు ఎక్కువని చాలామంది అనుకుంటారు. నిజానికి సున్నా డిగ్రీల దగ్గర, పైపొర కాస్త కరిగి తడిగా ఉన్నప్పుడే ఐస్ అత్యంత ప్రమాదకరం. పగటి ఎండకు కరిగిన నీరు సాయంత్రం రోడ్డు మీదే గడ్డకట్టి పలుచని పారదర్శకమైన పొరగా మారుతుంది. కింది తారు అందులోంచి నల్లగానే కనిపిస్తుంది కనుక దీన్ని బ్లాక్ ఐస్ అంటారు. ఎండ సోకని కొండ మలుపులు, దేవదారు చెట్ల నీడలు, రోడ్డుకు అడ్డంగా నీరు పారే చోట్లు దీనికి నిలయాలు. వంతెనలు పైనుంచీ కిందినుంచీ గాలికి చల్లబడతాయి కాబట్టి మిగతా రోడ్డు కంటే ముందే గడ్డకడతాయి. అందుకే మంచు సీజన్‌లో కొండ ప్రయాణం ఎండ బాగా ఎక్కాక మొదలుపెట్టి, పొద్దు వాలకముందే ముగించడం మేలు.

జారుడు దారిలో డ్రైవింగ్‌కు సూత్రం ఒక్కటే: ఏదీ హఠాత్తుగా చేయకూడదు. యాక్సిలరేటర్, బ్రేకు, స్టీరింగ్, క్లచ్‌లలో దేన్నయినా మెత్తగా వాడాలి. ఆగి ఉన్న కారును ఫస్ట్ గేరులో బలంగా లాగిస్తే చక్రం ఉన్నచోటే తిరిగి, కింది మంచును మరింత నున్నగా చేస్తుంది. సెకండ్ గేరులో నెమ్మదిగా కదిలించాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు వాహనం పైకి చేరేదాకా కిందే ఆగి, తర్వాత మధ్యలో ఆపకుండా ఒకే వేగంతో ఎక్కాలి. దిగేటప్పుడు వాలు మొదలవకముందే తక్కువ గేరులోకి మార్చి, ఇంజన్ పట్టుతోనే దిగాలి. ఆటోమేటిక్ కార్లలో దీనికోసమే తక్కువ గేరు లేదా మాన్యువల్ మోడ్ ఉంటుంది. ముందున్న వాహనానికి మామూలుగా వదిలే దూరానికి ఎన్నో రెట్లు వదలాలి.

జాగ్రత్తగా నడిపినా కారు జారవచ్చు. అప్పుడు కాలు అప్రయత్నంగా బ్రేకు మీదికే పోతుంది. పోకూడదు. యాక్సిలరేటర్ వదిలేసి, చూపును లోయ మీద కాకుండా వెళ్లాల్సిన దారి మీద నిలిపి, అటే స్టీరింగ్‌ను మెల్లగా తిప్పాలి. ముందు చక్రాలు జారి కారు మలుపు తిరగకపోతే స్టీరింగ్‌ను ఇంకా ఎక్కువ తిప్పడం దండగ. కొంచెం తగ్గిస్తేనే టైరుకు మళ్లీ పట్టు దొరుకుతుంది. ఏబీఎస్ ఉంటే బ్రేకు పడినప్పుడూ స్టీరింగ్ మాట వింటుంది. అంతే తప్ప, ఆగే దూరం తగ్గుతుందన్న హామీ లేదు. వదులుగా ఉన్న మంచులో ఆ దూరం పెరగవచ్చు కూడా. ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల యజమానులు గుర్తుంచుకోవాల్సిందీ ఇలాంటిదే. నాలుగు చక్రాల శక్తి కారును కదిలించడానికి, ఎత్తు ఎక్కించడానికి పనికొస్తుంది. ఆపడానికి మాత్రం అన్ని కార్లకూ ఉన్నవి ఆ నాలుగు టైర్లే.

మన దగ్గర అమ్మే మామూలు టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల కంటే తక్కువ చలిలో బిగుసుకుపోయి పట్టు కోల్పోతుంది. కొత్త ఐస్ మీద నమ్మకంగా పనిచేసేవి గొలుసులు. శీతాకాలంలో టంగ్‌మార్గ్ నుంచి గుల్మార్గ్‌కు గొలుసులు లేని మామూలు వాహనాలను పోనివ్వకపోవడానికి కారణమిదే. మనాలీలో ఇవి అద్దెకూ దొరుకుతాయి. వాటిని ఇంజన్ శక్తి అందే చక్రాలకు తొడగాలి. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాలే అవి. జారడం మొదలయ్యాక కాకుండా, అంతకుముందే చదునైన చోట ఆపి తొడగాలి. తొడిగాక తయారీదారు చెప్పిన వేగ పరిమితి దాటకూడదు. మంచు లేని తారు రోడ్డు రాగానే తీసేయాలి.

రేడియేటర్‌లో కుళాయి నీళ్లు పోసుకుని తిరిగే అలవాటు తెలుగు నేల మీద చెల్లుతుంది, కొండ మీద చెల్లదు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి రేడియేటర్, ఇంజన్ బ్లాక్ కూడా పగలవచ్చు. కూలెంట్‌ను సరైన పాళ్లలో కలపడం అందుకే తప్పనిసరి. మైదానాల్లో నింపుకున్న డీజిల్ తీవ్రమైన చలికి చిక్కబడుతుంది. మైనస్ 33 డిగ్రీల దాకా చిక్కబడని ప్రత్యేక డీజిల్‌ను లడఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చింది. రాత్రి పార్క్ చేసేటప్పుడు హ్యాండ్‌బ్రేకు గడ్డకట్టి పట్టేయవచ్చు కనుక, చదునైన చోట కారును గేరులో ఉంచి చక్రాలకు రాళ్లు పెట్టడం మంచిది. ఉదయం అద్దం మీద మంచుపై వేడినీళ్లు పోస్తే అద్దమే పగలవచ్చు.

అన్నిటికంటే ఘోరమైన ప్రమాదం కారు కదలనప్పుడు జరుగుతుంది. 2022 జనవరి 7వ తేదీ రాత్రి పాకిస్తాన్‌లోని ముర్రీలో హిమపాతం చూడటానికి వెళ్లిన జనం రోడ్ల మీదే చిక్కుకుపోయారు. తెల్లవారేసరికి పిల్లలతో సహా 20 మందికి పైగా తమ కార్లలోనే చనిపోయి ఉన్నారు. చలి, కార్బన్ మోనాక్సైడ్ ఇందుకు కారణాలని అప్పట్లో అధికారులు చెప్పారు. వెచ్చదనం కోసం ఇంజన్ నడుస్తూ ఉంటుంది. కురుస్తున్న మంచు సైలెన్సర్ గొట్టాన్ని కప్పేస్తుంది. బయటికి పోవాల్సిన వాయువు కారులోకి చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత వస్తాయి. నిద్ర అనుకుని కళ్లు మూసినవారు మళ్లీ లేవరు.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. చిక్కుకుపోతే ముందు గొట్టం చుట్టూ మంచు తవ్వి తీయాలి, కురుస్తున్నంతసేపూ మళ్లీ మళ్లీ చూడాలి. ఇంజన్‌ను గంటకు పది నిమిషాలకు మించి నడపకూడదు. గాలి కొట్టని వైపు కిటికీని అంగుళం మేర దించాలి. అందరూ ఒకేసారి నిద్రపోకూడదు. డిక్కీలో దుప్పట్లు, తిండి, నీళ్లు, టార్చి, చిన్న పార, ఒక సంచిడు ఇసుక ఉంటే ఆ రాత్రి గడుస్తుంది. ఫోన్ ఛార్జింగ్‌ను వీడియోలకు కాక సహాయం కోసం దాచుకోవాలి.

ముర్రీ విషాదంలో డ్రైవర్ల తప్పు మాత్రమే లేదు. వాతావరణ హెచ్చరిక ఉన్నా, ఆ పట్టణం మోయలేనన్ని వాహనాలను పైకి వదిలారు. హిమాచల్, కశ్మీర్, ఉత్తరాఖండ్ అధికారులకు ఆ రాత్రి ఒక పాఠం. దారి తెరిచిన ప్రభుత్వానికి దాన్ని వేళకు మూసే ధైర్యమూ ఉండాలి. చదునైన మైదానంలో ఎనిమిది అంకె వేయించి ఇచ్చే లైసెన్సు కొండ మీద ఐస్‌కు అర్హత కాదన్న గ్రహింపు నడిపేవారికీ ఉండాలి. స్థానిక టాక్సీ డ్రైవర్లు ఆకాశం చూసి “ఈ రోజు వద్దు సార్” అన్నప్పుడు, వేలకు వేలు పోసి బుక్ చేసుకున్న హోటల్ గది గుర్తొచ్చి వారితో వాదించేవారే ఎక్కువ. గది అద్దె పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు.